ఆఫ్రికన్ గ్రే చిలుకను ఇంట్లోని మిగతా పక్షులతో ఎలా కలపాలి?

ప్రశ్న: మల్కాజిగిరి నుంచి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇప్పటికే తొమ్మిది పక్షులు ఉన్నాయి. బజారులో అందరూ లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలు ఆరు, కాకటీల్ జంట ఒకటి, గ్రీన్ చీక్ కానూర్ అనే చిన్న చిలుక ఒకటి. వచ్చే నెలలో వీటికి ఒక ఆఫ్రికన్ గ్రే తోడు కాబోతోంది. మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నాడు. మన దేశం నుంచి పెంపుడు పక్షులను ఆ దేశం రానివ్వదు కాబట్టి, ఏడేళ్లుగా సాకుతున్న పక్షిని ముక్కూమొహం తెలియనివారికి ఇవ్వడానికి మనసొప్పక, మమ్మల్ని పెంచుకోమని అడిగాడు. మేము ఒప్పుకున్నాము.

మాది రెండు పడక గదుల ఫ్లాట్. ఇప్పుడున్న పంజరాలన్నీ హాల్లోనే, బాల్కనీ తలుపు పక్కన ఉన్నాయి. కొత్త పక్షిని కూడా మొదటి రోజు నుంచే హాల్లో వాటి పక్కనే పెడితే త్వరగా అలవాటు పడతాయని, ఒక నెల తరువాత సాయంత్రం పూట అన్నింటినీ కలిపి హాల్లో వదలవచ్చని, అన్నీ కుదిరితే బాల్కనీకి జాలీ కొట్టించి అందులో కాకటీళ్లనూ గ్రేనూ కలిపి ఉంచవచ్చని అనుకుంటున్నాము. అన్నయ్య ఇంట్లో అది ఒక్కటే పెరిగింది. వేరే పక్షిని ఎన్నడూ చూడలేదు. ఇప్పటిదాకా ఎక్కువగా పొద్దుతిరుగుడు గింజలే తింటోంది. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, అయితే ఇప్పుడున్న పక్షుల వల్ల ఆవిడకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. అన్నయ్య ప్రయాణం వినాయక చవితికి ముందే కనుక ఆ లోపే పక్షి మా ఇంటికి చేరుతుంది. గ్రేనూ చిన్న పక్షులనూ ఒకే ఇంట్లో పెంచినవారు మా ఆలోచనలో తప్పు ఎక్కడ ఉందో చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: తార్నాక నుంచి

నమస్కారమండీ. మా ఇంట్లో ఒక గ్రే, మూడు కాకటీళ్లు పదకొండేళ్లుగా ఉన్నాయి కాబట్టి నా అనుభవంలోంచి చెబుతున్నాను. మీ ఆలోచనలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది బాల్కనీలో కలిపి ఉంచడమనే మాట. దయచేసి ఆ మాట ఇప్పుడే వదిలేయండి. గ్రే బరువు 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది, కాకటీల్ 100 గ్రాములకు అటూ ఇటూ, బడ్జీ అయితే 30, 40 గ్రాములే. బాదం పెంకును పగలగొట్టే ముక్కు ముందు కాకటీల్ కాలి వేలు ఎంత? గ్రేకి కోపం కూడా రానక్కరలేదు. అది ఏమిటో చూద్దామని నోట పట్టుకున్నా చాలు.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. గ్రే వచ్చిన మొదటి సంవత్సరం దాన్ని పంజరంలోనే ఉంచి కాకటీళ్లను మాత్రం హాల్లో వదిలేదాన్ని; పెద్దది లోపలే ఉంది కదా, ప్రమాదం లేదనుకున్నాను. ఒక రోజు మా మగ కాకటీల్ ఎగిరి వెళ్లి గ్రే పంజరం మీద వాలింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి దాని కాలి వేళ్లలో ఒకటి సగం లేదు. రక్తం ఆపడానికి మొక్కజొన్న పిండి అద్ది, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. అది బతికింది, ఇప్పటికీ ఉంది, కానీ కొమ్మ మీద కాస్త ఒరిగి కూర్చుంటుంది. దాన్ని అలా చూసిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే తప్పు ఆ రెండు పక్షులదీ కాదు, నాది. పెద్ద పక్షిని బయటికి వదిలినప్పుడే కాదు, అది లోపల ఉన్నప్పుడు కూడా చిన్నవి దాని పంజరం మీద వాలకుండా చూసుకోవాలని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి మా ఇంట్లో వేళలు వేరు. కాకటీళ్లు ఉదయం గంటన్నర బయట ఉంటాయి, ఆ సమయంలో గ్రే పడకగదిలోని ఆట స్టాండు మీద తలుపు వేసుకుని ఉంటుంది. సాయంత్రం దాని వంతు.

ఇంకొక మాట. గ్రే పంజరానికి ఊచల మధ్య ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా సందు ఉంటుంది. బడ్జీకి అర అంగుళానికి మించి ఉండకూడదు, తల దూరిస్తే ఇరుక్కుపోతుంది. ఒకే పంజరం రెండింటికీ సరిపోదనడానికి ఈ కొలతే చాలు. పైగా మామూలు గొళ్లేన్ని గ్రే చాలా త్వరగా తీయడం నేర్చుకుంటుంది. మాది మూడో వారానికే తీసింది కాబట్టి చిన్న తాళం వేస్తున్నాము, తాళంచెవి పంజరం పక్కనే మేకుకు ఉంటుంది.

అయితే కలపడం పూర్తిగా అసాధ్యమని నేను అనడం లేదు. మీరు కోరుకుంటున్న స్నేహం దొరుకుతుంది, కానీ అది దూరం నుంచి దొరికే స్నేహం. మా గ్రే కాకటీళ్ల ఈలను అచ్చంగా ఈల వేస్తుంది, అవి బదులిస్తాయి, ఈ సంభాషణ పొద్దున్నే పది నిమిషాలు సాగుతుంది. అడవిలో గ్రేలు వందల సంఖ్యలో ఒకేచోట రాత్రి గడిపే గుంపు పక్షులు. ఇంట్లో వేరే పక్షుల గొంతు వినబడడం దానికి మేలే చేస్తుందని నా నమ్మకం. పంజరాన్ని మాత్రం ఒక వైపు గోడ ఉండేలా, మిగతా పంజరాలకు కనీసం ఆరేడు అడుగుల దూరంలో పెట్టండి. నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట గ్రేకి నిలకడ ఉండదు. కొత్త వస్తువును చూసి బెదిరిపోవడం ఈ జాతి స్వభావం, కొత్త బొమ్మనైనా రెండు రోజులు దూరంగా చూపించి తరువాతే లోపల కట్టాలి. అందుకే అన్నయ్యగారి ఇంట్లోని పాత పంజరాన్నే, పాత కొమ్మలతో, పాత గిన్నెలతో సహా తెచ్చుకోండి. కొత్తది కొనాలన్న ఉత్సాహాన్ని ఆరు నెలలు వాయిదా వేయండి.

జవాబు: రాజేంద్రనగర్ నుంచి, పశువైద్యుడు

తార్నాక నుంచి రాసిన ఆవిడ గాయాల గురించి చెప్పవలసినదంతా చెప్పారు. నాకు అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగించినది, మొదటి రోజు నుంచే హాల్లో పక్కన పెట్టాలన్న ఆలోచన.

విడిగా ఉంచడం అనగానే కొత్త పక్షి తెచ్చే జబ్బు నుంచి పాత పక్షులను కాపాడడమని అందరూ అనుకుంటారు. మీ ఇంటి విషయంలో దాన్ని తిరగవేసి చూడవలసి ఉంది. ఏడేళ్లు ఒంటరిగా పెరిగిన గ్రే కంటే, వేరువేరు దుకాణాల నుంచి వేరువేరు సమయాల్లో వచ్చిన తొమ్మిది పక్షుల్లోనే ఏదో ఒక సూక్ష్మజీవి దాగి ఉండే అవకాశం ఎక్కువ. కాకటీళ్లు ఏ లక్షణమూ కనిపించకుండా క్లామిడియా అనే బ్యాక్టీరియాను మోయగలవు. ఇది మనుషులకు కూడా సోకి జ్వరం, దగ్గు, న్యుమోనియా తెస్తుంది. బడ్జీల్లో సర్కోవైరస్, పాలియోమా వైరస్ రెండూ కనిపిస్తాయి. ఈకలు, ముక్కు పాడయ్యే జబ్బుగా పిలిచే సర్కోవైరస్‌కు ఆఫ్రికన్ గ్రే సులువుగా లొంగే జాతి. మూడేళ్ల లోపు గ్రేలలో ఈకలు రాలకముందే తెల్ల రక్తకణాలు పడిపోయి, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవడం జరుగుతుంది. మీకు వచ్చేది ఏడేళ్లది కాబట్టి ముప్పు కొంత తక్కువ, కానీ లేదని చెప్పలేము. ఆ వైరస్ ఈకల పొడిలోనూ రెట్టలోనూ బయటపడి నెలల తరబడి నిలిచి ఉంటుంది, మందు లేదు.

కాబట్టి గ్రే రాకముందే పాత పక్షులకు పరీక్షలు చేయించండి. ఈక, రక్తపు చుక్క, గొంతు నుంచీ రెట్ట ద్వారం నుంచీ తీసిన స్వాబ్‌లతో సూక్ష్మజీవి జన్యుపదార్థపు జాడను పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఖర్చు తగ్గించుకోవాలంటే బడ్జీల నమూనాలను కలిపి పంపవచ్చునా అని పరీక్ష చేసేవారిని అడగండి. ఒకసారి లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే క్లామిడియా వంటివి అన్ని రోజులూ రెట్టలో బయటపడవు. ఒకవేళ క్లామిడియా ఉందని తేలితే దానికి మందు ఉంది: డాక్సీసైక్లిన్‌ను వైద్యుడు చెప్పిన మోతాదులో సాధారణంగా 45 రోజులు ఇవ్వాలి. కొన్ని రోజులకే పక్షి హుషారుగా కనిపించిందని మానేసేవారే నా దగ్గరకు మళ్లీ వస్తుంటారు.

గ్రే వచ్చాక 45 రోజులు రెండో పడకగదిలో ఉంచండి. తలుపు కింద సందుకు పాత బట్ట కుక్కండి. ఆ గదికి వేరే గిన్నెలు, వేరే చీపురు, వేరే చెప్పులు ఉండాలి. ఎప్పుడూ ముందు గ్రే గదిలో పని ముగించి, తరువాతే పాత పక్షుల దగ్గరకు వెళ్లండి. మళ్లీ గ్రే గదిలోకి వెళ్లేముందు చేతులు కడుక్కుని చొక్కా మార్చుకోండి. వర్షాకాలం కనుక గది చెమ్మగా ఉంటే గింజలకు బూజు పడుతుంది, ఆ బూజు పీల్చి ఊపిరితిత్తులు చెడడం గ్రేలలో తరచుగా చూస్తాము. గింజలు కొద్దికొద్దిగా కొనండి, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. రోజూ ఉదయం ఆహారం పెట్టకముందే వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి రాసుకోండి. పక్షి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, బరువు మాత్రం ముందే బయటపెడుతుంది. పదో వంతు తగ్గితే ఆ రోజే చూపించాలి.

ఆహారం సంగతి. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం, విటమిన్ ఎ తక్కువ. రక్తంలో కాల్షియం పడిపోయి మూర్ఛ రావడం గ్రేలలో ప్రత్యేకంగా కనిపించే సమస్య. కాల్షియం ఒంటికి పట్టాలంటే నేరుగా తగిలే ఎండ కావాలి, గాజు వెనుక నుంచి వచ్చే ఎండ దీనికి పనికిరాదు. క్వారంటైన్‌లో కూడా కిటికీ అద్దం తెరిచి, జాలీ ఉంచి, ఉదయపు ఎండ తగిలేలా చూడండి, నీడ కూడా అందుబాటులో ఉండాలి. మునగాకు, క్యారెట్, చిలగడదుంప, మొలకెత్తిన పెసలు, మంచి కంపెనీ పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసిన గుళికల ఆహారం) అలవాటు చేయండి. అయితే ఇల్లు మారిన నెలలోనే తిండి కూడా మార్చకండి. అవొకాడో, చాక్లెట్ ఎప్పటికీ వద్దు. నాన్ స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షులను చంపుతుంది. ఆ పెనాలు ఇంట్లోంచి తీసేయండి. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట కూడా పక్షుల గదిలో వెలిగించవద్దు.

మీ అత్తగారి విషయాన్ని మీరు ఒక వాక్యంలో దాటవేశారు, నేను అలా దాటలేను. గ్రే, కాకటీల్, కాకటూ జాతుల ఈకల నుంచి తెల్లటి పొడి నిరంతరం రాలుతుంది. కాకటీల్ నుంచి రాలే పొడికీ గ్రే నుంచి రాలే పొడికీ పరిమాణంలో తేడా మీకు రెండో రోజే టేబుల్ మీద కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఇది భారమే. అది కాక ఏళ్ల తరబడి పక్షుల ధూళి పీల్చడం వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఒకటి ఉంది, దాన్ని మొదట్లో మామూలు దగ్గని పొరబడతారు. ఆవిడను ముందే ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించి, ఇంట్లో ఎన్ని పక్షులున్నాయో దాచకుండా చెప్పండి. వైద్యుడు వద్దంటే ఆ మాటే చివరిది కావాలి. ఒప్పుకుంటే హాల్లో గాలిలోని సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్ పెట్టండి, ఓజోన్ వదిలే రకం కాకుండా చూసుకోండి. పంజరం కింద తడి కాగితం పరిచి ఎత్తివేయడం మంచిది, పొడి చీపురుతో ఊడిస్తే ధూళంతా గాలిలోకే లేస్తుంది. ఈ పొడి కానూర్ ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు. ఆ జాతి పక్షుల్లో కొన్ని దీన్ని తట్టుకోలేకపోవచ్చు.

జవాబు: టోలిచౌకి నుంచి

పై ఇద్దరూ చెప్పినదానికి రెండు విషయాలు చేర్చదలచాను. మొదటిది కాగితాలు. ఆఫ్రికన్ గ్రే 2017 జనవరి నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి పక్షుల అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. పంజరాల కోసం లక్షల సంఖ్యలో పట్టుకుపోవడం వల్ల ఘానాలో 1990ల నుంచి వీటి సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ వల్ల, సైటిస్ జాబితాలోని జంతువులను ఇంట్లో ఉంచుకున్నవారు రాష్ట్ర అటవీశాఖకు తెలిపి నమోదు చేయించుకోవాలి. 2024 నిబంధనల ప్రకారం ఇది కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. పక్షి మీ చేతికి వచ్చిన 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. మీ అన్నయ్యగారి పేరున నమోదు ఉందో లేదో ఆయన ఇక్కడ ఉండగానే తేల్చుకోండి, విమానం ఎక్కాక ఆయన సంతకం కోసం మీరు చాలా ఇబ్బంది పడతారు. ఇంకొక సంగతి: బడ్జీ, కాకటీల్ ఆ జాబితాలో లేవు, కానీ మీ కానూర్ ఉంది. దానికీ నమోదు కావాలి.

రెండోది ఆ పక్షి మనసు. మీరు అడిగిన ప్రశ్నంతా మీ తొమ్మిది పక్షులూ కొత్త పక్షీ ఎలా కలుస్తాయన్నదే. నేనైతే ఆ ప్రశ్నను కొంతకాలం పక్కన పెడతాను. ఏడేళ్లు ఒకే కుటుంబంతో ఉన్న గ్రే, ఆ గొంతులన్నీ ఒక్కసారిగా వినబడకుండా పోతే దిగులుపడి ఈకలు పీక్కుంటుంది. ఒకసారి మొదలైన ఆ అలవాటును మాన్పించడం చాలా కష్టం. మాది ఒక వృద్ధ దంపతుల ఇంటి నుంచి వచ్చింది. మూడు నెలలు ఛాతీ మీద ఈకలు లేకుండా తిరిగింది. ఆ రోజుల్లో అది చనిపోయిన ఆ ముసలాయన దగ్గును దగ్గుతూ ఉండేది; మా ఇంట్లో ఎవరికీ భోజనం సహించేది కాదు. మీకు ఇంకా నెల సమయం ఉంది. వారానికి రెండు మూడు సార్లు మీరే అన్నయ్యగారి ఇంటికి వెళ్లి కూర్చోండి, మీ చేత్తో ఒక వేరుశనగ గింజ ఇవ్వండి, పట్టుకోవాలని చూడకండి. తార్నాక నుంచి రాసినవారు పాత పంజరం తెచ్చుకోమన్నది అక్షరాలా సరైన మాట. దానికి తోడు అది నిద్రపోయే వేళ, పంజరం మీద కప్పే దుప్పటి, దాన్ని పిలిచే మాట అన్నీ అడిగి రాసుకోండి.

వినాయక చవితి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. మీరు పెట్టబోయే గది వీధి వైపు ఉండి, సందులో మండపం ఉంటే, నవరాత్రులలో ఆ స్పీకర్ల మోతకు కొత్త ఇంట్లోని గ్రే పంజరంలో కొట్టుకుంటుంది. వీలైతే వెనుక వైపు గదిని కేటాయించండి. అదే విధంగా మీ 45 రోజులు ముగిసేసరికి దీపావళి దగ్గరపడుతుంది. టపాసులకు రాత్రిపూట బెదిరి రెక్కలు విరగ్గొట్టుకోవడంలో కాకటీళ్లు పేరు పడ్డవి. ఆ వారంలో పంజరాలను అటూ ఇటూ మార్చకండి. పండుగ గడిచి, వీధి సద్దుమణిగాకే గ్రేను హాల్లోకి తీసుకురండి.

ప్రశ్న అడిగినవారు: మల్కాజిగిరి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బాల్కనీ ఆలోచన మానుకున్నాము. అత్తగారిని నిన్న వైద్యుడికి చూపించాము. ఊపిరి పరీక్ష చేసి, పక్షుల గదిలో ఆవిడ పడుకోకూడదని, శుభ్రం చేసే పని ఆవిడ చేయకూడదని, మూడు నెలలకు మళ్లీ పరీక్షకు రావాలని, అప్పటికి ఊపిరి తగ్గితే పక్షుల విషయం తిరిగి ఆలోచించవలసి ఉంటుందని చెప్పారు. ఈ మాట అన్నయ్యకు చెప్పాను. అవసరమైతే పక్షిని తీసుకోవడానికి వరంగల్‌లో ఉన్న వదిన తమ్ముడిని కూడా ముందే అడిగి ఉంచాడు. పాత పక్షుల నమూనాలు ఇచ్చాము. అన్నయ్య తన పేరున నమోదు చేయించలేదని తెలిసింది, ఆ పని ఈ వారం మొదలుపెడుతున్నాడు.

మిగిలిన సందేహం కానూర్ గురించి. అది పరిమాణంలో చిన్నదైనా భయం లేని పక్షి. కాకటీళ్లను తరిమి వాటి గిన్నెలో తింటుంది. గ్రే వచ్చాక దీని పద్ధతి ఎలా ఉంటుందో, పొడి సమస్య దృష్ట్యా దీన్ని ఎక్కడ ఉంచాలో చెప్పగలరా?

జవాబు: తార్నాక నుంచి

కానూర్‌ను నేను పెంచలేదు కానీ మా చెల్లెలి ఇంట్లో గ్రే, కానూర్ రెండూ ఉన్నాయి. అక్కడ గొడవ మొదలుపెట్టేది ప్రతిసారీ కానూరే, దెబ్బ తినేది కూడా అదే కావచ్చు కాబట్టి వాటిని ఎన్నడూ ఒకే సమయంలో బయట వదలరు. మీకు ఉన్న చోటులో, క్వారంటైన్ ముగిశాక గ్రేను హాల్లోకి తెచ్చి, కానూర్‌ను ఆ ఖాళీ అయిన పడకగదిలోకి మార్చడం మంచిదనుకుంటాను. అప్పుడు పొడి కూడా దానికి తక్కువ తగులుతుంది, అత్తగారు పడుకునే గదికి ఏ పక్షీ రాదు. మార్చిన మొదటి వారం కానూర్ అలిగి అరుస్తుంది. పొద్దున్నే ముందుగా దాని గదిలోకే వెళ్లి, మాట్లాడి, మొదటి జామపండు ముక్క దానికే ఇవ్వండి. గ్రే దగ్గరకు ఆ తరువాత వెళ్లండి.